పండ్ల పళ్ళెరము చెప్పు చరిత్ర

రాజుల చరిత్రకు శాసనములు, కోటలు, నాణెములు సాక్ష్యములు. గృహస్థుల చరిత్రకు అట్టి సాక్ష్యములు మిక్కిలి తక్కువ. మన పెద్దలు ఏమి భుజించిరో, అతిథులకు ఏమి పెట్టిరో, వియ్యాలవారి వాకిటికి ఏమి మోసికొని పోయిరో రాతిపై చెక్కించినవారు లేరు. అయినను ఆ చరిత్ర పూర్తిగా నశింపలేదు. శుభకార్యము జరుగు ఇంటిలో చాపపై వరుసగా పెట్టిన పండ్ల పళ్ళెరములను నిదానముగా పరికించినచో, కొన్ని వందల సంవత్సరముల సంగతులు అందు కానవచ్చును. నేను పండితుడను కాను. ముప్పది అయిదేండ్లు కచేరీలో పద్దులు వ్రాసి విశ్రాంతి పొందినవాడను. పద్దులు చూచు అలవాటుచేత ఈ పళ్ళెరమును గూడ ఒక పద్దువలె చదువుటకు ఇచట ప్రయత్నించితిని. తప్పులున్నచో పెద్దలు మన్నింతురుగాక.

ముందుగా పాత్ర పేరు చూతము. పళ్ళెరము మన మాట. హరివాణమనునది మనకును కన్నడిగులకును ఉమ్మడి మాట. తబుకు అను మాట అరబ్బీనుండి తురకల కొలువుల మీదుగా మన ఇండ్లలోనికి వచ్చినది. తమిళదేశమున స్థిరపడిన మనవారు తట్టు అందురు. పిల్లలు ట్రే అందురు. ఒకే వస్తువునకు ఒకే ఇంటిలో తాత, తండ్రి, మనుమడు మూడు పేర్లు పెట్టి పిలుచుట నేను విన్నాను. మన కుటుంబములు ఏయే రాజ్యములలో నివసించి, ఎవరెవరి పొరుగున మెలగినవో తెలిసికొనుటకు ఈ పేర్లే చాలును.

పండ్ల పళ్ళెరమునకు మూలము తాంబూలము. రెండు తమలపాకులు, రెండు వక్కలు, రెండు అరటిపండ్లు. ఇంతకంటె చిన్న కానుక మన ఆచారమున లేదు. ఎంతటి బీదయైనను ముత్తైదువకు ఇది ఈయక పంపదు. ఒంటి పండు ఈయరాదని పెద్దల నియమము. ఆకు, పువ్వు, పండు, నీరు, వీనిలో ఏది భక్తితో ఇచ్చినను గ్రహింతునని భగవానుడు గీత తొమ్మిదవ అధ్యాయమున సెలవిచ్చియున్నాడు. దేవునికి చాలినది మనుష్యునికి చాలదా? మన పూర్వుల పళ్ళెరము ఈ భావముతో ఆరంభమైనది. తరువాత అది పెరిగినది. పెరిగిన క్రమమే దాని చరిత్ర.

మామిడి, అరటి, పనస, నేరేడు, రేగు, వెలగ, ఉసిరిక, ఇవి అనాదిగా మన నేలపై ఉన్న పండ్లు. దానిమ్మయు ద్రాక్షయు వాయవ్య దిక్కునుండి అతి ప్రాచీనకాలముననే వచ్చి మనవైపోయినవి. విజయనగర రాజ్యకాలము నాటికి ఈ పండ్లన్నియు దక్షిణదేశపు అంగళ్ళలో సమృద్ధిగా దొరకుచుండెను. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలెను. ఆయన కాలమున, సుమారు 1520 ప్రాంతమున, డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు ఆ నగరమును దర్శించి, దాని చుట్టును మామిడి, పనస, పోక, నిమ్మ, నారింజ చెట్లు అడవివలె దట్టముగా పెరిగియున్నవనియు, అచట తెల్లద్రాక్షలు గూడ ఉన్నవనియు వ్రాసినాడు. అంతకు పూర్వము 1443లో వచ్చిన అబ్దుర్ రజాక్ అను పారశీక రాయబారి తాంబూలమునుగూర్చి ఆశ్చర్యముతో వర్ణించినాడు. విదేశీయుల కంటికి వింతగా తోచిన ఆ తాంబూలము, ఆ పండ్లు, నేటికిని మన పళ్ళెరములలో ఉన్నవి. మా బళ్ళారికి సమీపమున హంపి శిథిలముల నడుమ నేటికిని అరటితోటలు పచ్చగా ఉన్నవి. రాయల కాలపు కాలువలు కొన్ని ఇప్పటికిని తుంగభద్ర నీటిని ఆ తోటలకు అందించుచున్నవి. సింహాసనము పోయినది, అరటి నిలిచినది.

ఆ కాలమునందే తెలుగు కుటుంబములు దక్షిణమునకు విస్తరించినవి. మధుర, తంజావూరు నాయకరాజుల కొలువులకు పోయినవారు, సైన్యములతో పోయినవారు, నల్లరేగడి భూములు వెదకికొని పోయినవారు అచటనే నిలిచిపోయిరి. రాయలవారు రచించిన ఆముక్తమాల్యద కథ శ్రీవిల్లిపుత్తూరున జరిగినదని జ్ఞప్తికి తెచ్చికొన్నచో, తెలుగు కవిత్వమునకు తమిళ తోటల పరిచయము ఎంత పాతదో తెలియగలదు.

ఇక సముద్రము దాటి వచ్చిన పండ్ల సంగతి. 1510లో పోర్చుగీసువారు గోవాను ఆక్రమించిరి. వారి ఓడలలో అమెరికా ఖండపు పండ్లు మన తీరమునకు చేరినవి. అనాస, జామ, బొప్పాయి, సీతాఫలము, రామాఫలము ఇట్లు వచ్చినవే. అనాస అను పేరు పోర్చుగీసు మాటకు దగ్గరగానే నిలిచినది. కాని తక్కిన వానిని మనవారు ఎంత త్వరగా తమవి చేసికొనిరో చూడుడు. అమెరికా అడవిలో పుట్టిన పండునకు సీతమ్మవారి పేరు పెట్టిరి. దాని తోబుట్టువునకు రాములవారి పేరు పెట్టిరి. పేరు పెట్టిన పిదప అది పరదేశి ఎట్లగును? ఇట్టి ముచ్చట నేడును సాగుచున్నది. మధ్య అమెరికానుండి వచ్చిన డ్రాగన్ పండునకు 2021లో గుజరాతు ప్రభుత్వము కమలమని పేరు పెట్టినది. ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనబోటివారికి ఇందులో ఒక ధైర్యము కలదు. ఎచటినుండియో వచ్చి, వచ్చినచోటి నీరు త్రాగి, అచటి పూజకు పనికివచ్చినది ఎల్లప్పుడు పరాయిది కాదు.

ఒకే పండు పేర్లు ప్రాంతమునుబట్టి మారు తీరు గూడ విచిత్రమైనది. కృష్ణా గోదావరి తీరములవారు బత్తాయి అనుదానిని రాయలసీమవారు చీనీ అందురు. మరాఠీవారికిని కన్నడిగులకును అది మోసంబి. తమిళులకు సాత్తుక్కుడి. బత్తాయి పేరున బటేవియా ద్వీపపట్టణము, చీనీ పేరున చీనాదేశము, మోసంబి పేరున ఆఫ్రికాలోని మొజాంబికు వినవచ్చుచున్నవి. అట్లే పరంగి అనగా ఫిరంగివారిది, అనగా పరదేశీయులదని అర్థము. కన్నడమున పరంగి హణ్ణు అనగా బొప్పాయి. తమిళమున పరంగిక్కాయ్ అనగా గుమ్మడి. బెంగుళూరునుండి మధురకు కోడలై పోయిన పిల్ల పరంగి తెమ్మన్నచో, అంగడినుండి కూరకు గుమ్మడికాయ వచ్చును! ఒడియావారు బొప్పాయిని అమృతభండ అందురు, జామను పిజుళి అందురు. బరంపురపు తెలుగు పిల్లలకు ఈ మాటలు రెండును తెలియును. జామ అను మాట మాత్రము కొందరికి తెలియదు. ఇది విచారింపదగినది.

ఆంగ్లేయుల కాలమున వచ్చిన గొప్ప అతిథి ఆపిలుపండు. 1870లో కెప్టెన్ లీ అను ఆంగ్లేయుడు కులూ లోయలో దాని తోటను వేసెను. 1916లో సామ్యూల్ స్టోక్స్ అను అమెరికాదేశీయుడు సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో తీపిజాతి ఆపిలును నాటించెను. హిమాలయమున పండిన ఆ పండు రైలెక్కి దక్షిణమునకు వచ్చుటకు, సామాన్యుని పళ్ళెరము చేరుటకు చాలకాలము పట్టినది. మా తండ్రిగారు వ్రాసి ఉంచిన పెండ్లి ఖర్చుల పుస్తకము నావద్ద ఉన్నది. 1968లో మా అక్కయ్య వివాహమునకు తెప్పించిన పండ్ల పద్దు అందు ఇట్లున్నది: అరటి అత్తములు ఆరు, చీనీపండ్లు మూడు డజన్లు, దానిమ్మలు పండ్రెండు, ద్రాక్ష రెండు కిలోలు, ఆపిలుపండ్లు నాలుగు. నాలుగే! వానిని పళ్ళెరముల శిఖరములపై ఒక్కొక్కటిగా నిలిపిరి. కార్యము ముగిసిన పిదప మా తల్లిగారు వానిని కాగితమువలె పలుచగా కోసి, ఇంటిలోని ముప్పదిమందికిని తలా ఒక ముక్క పంచినారు. నేడు ఆపిలు బండ్లమీద రాసులుగా అమ్ముడగుచున్నది. దానికి శిఖరస్థానము పోయినది. ఆ స్థానమును కివీయు డ్రాగన్ పండును ఆక్రమించినవి. పళ్ళెరపు శిఖరమున ఎల్లప్పుడును దూరదేశపు పండే కూర్చుండును. అడుగున బరువు మోయునది మాత్రము ఎల్లప్పుడును స్థానికమే.

మన తెలుగువారు నివసించు ప్రాంతములనుబట్టి పళ్ళెరము వేర్వేరు రూపములు పొందినది. తమిళనాట సీర్ వరిసై తట్టులు బేసి సంఖ్యలో, తొమ్మిదో, పదునొకండో, ఇరువదియొకటో సాగును. అచటి మనవారు ఆ లెక్కను స్వీకరించిరి. పళని కొండల విరూపాక్షి అరటి అచటి పళ్ళెరమునకు సుగంధము. ఆ కొండ అరటితో కూర్చిన పళని పంచామృతమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కర్ణాటకమున స్వర్ణగౌరీ వ్రతమునాడు చేటలలో ధాన్యము, గాజులు, పండ్లు అమర్చి, పైన మరియొక చేట మూసి బాగినముగా ఇత్తురు. బెంగుళూరు, కోలారు, బళ్ళారి ప్రాంతపు తెలుగు ఇండ్లలో ఇది మన ఆచారమే అన్నంతగా కలిసిపోయినది. మహారాష్ట్రమున సోలాపురము చేరిన నేతపనివారును, బొంబాయి కామాఠీపురము చేరిన తాపీపనివారును తెలంగాణమునుండి ఒడిబియ్యము ఆచారమును వెంట తీసికొని పోయిరి. పసుపు కలిపిన బియ్యము, కుడుకలు, ఖర్జూరములు, వక్కలు ఆడుబిడ్డ ఒడిలో పోయుదురు. మరాఠీవారి ఓటీ దీనికి సోదరి. అందుచేత ఇరుగుపొరుగులకు ఒకరి ఆచారము మరియొకరికి వింతగా తోచలేదు. సోలాపురపు దానిమ్మ 2016లో భౌగోళిక గుర్తింపు పొందినది. అచటి మనవారి పళ్ళెరములలో అది కెంపులరాశి.

1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రము ఏర్పడి, గంజాము తెలుగువారు అందులో నిలిచిరి. అచట జ్యేష్ఠ అమావాస్యనాడు ఒడియా స్త్రీలు సావిత్రీవ్రతము చేయుదురు. పుట్టినింటివారు ఆడుబిడ్డకు మామిడి, పనస, తాటిముంజలు, అరటి మొదలైన పండ్లు భారముగా కట్టి పంపుదురు. ఆ కాలమున బరంపురపు వీధులన్నియు పండ్ల వాసనతో నిండియుండును. మన ఇండ్ల పండ్లబుట్టలును ఆ వాసనకు తోడగును. యానాము సంగతి వేరు. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోను, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమునందును చేరిన ఆ పట్టణమునకు చుట్టును గోదావరియే. జెండా ఏదైనను పళ్ళెరము మాత్రము కోనసీమదే. చక్కెరకేళి, అమృతపాణి, కొబ్బరిబోండము, ఎండకాలమున రసపు మామిడి. వీనికి ఏ ప్రభుత్వపు అనుమతియు కావలసివచ్చినది కాదు. మా బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు గూడ అంతే. సరిహద్దు మారినది, బంగినపల్లి మామిడి ప్రతి వేసవియు సరిహద్దు దాటి వచ్చుచునే యుండెను. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

ఇక పళ్ళెరము కూర్చు విధానము. ఇది స్త్రీలు నోటిమాటగా నేర్పిన విద్య. వ్రాసి ఉంచినవారు అరుదు. కావున కొంత విస్తరింతును. ఇత్తడి హరివాణమును చింతపండుతో తోమి తడి లేకుండ తుడువవలెను. అడుగున లేత అరటియాకు, దానిపై కొనలు వెలుపలికి వచ్చునట్లు తమలపాకులు పరువవలెను. నడుమ పసుపు పూసిన కొబ్బరికాయను పీచు పైకుండునట్లు నిలుపవలెను. దాని చుట్టు బరువైనవి, గట్టివి ముందు రావలెను: దానిమ్మలు, బత్తాయిలు, కమలాలు. సందులలో సపోటాలును, దోరజామలును ఇమిడ్చినచో రాశి కదలదు. అరటి అత్తములు రెండు ఎదురెదురుగా, వంపు లోపలికి తిరిగి, కొబ్బరికాయను కౌగిలించుకొన్నట్లు ఉండవలెను. శిఖరమున మామిడి గాని ఆపిలు గాని. కడపట ద్రాక్షగుత్తులను అంచున వ్రేలాడునట్లు జారవిడువవలెను. ద్రాక్షపై నుండు బూడిదవంటి సన్నపొడి చేతితో తుడిచినచో అందము పోవును; కావున తొడిమ పట్టియే ఎత్తవలెను.

పండ్ల స్వభావము తెలియనివాని పళ్ళెరము సాయంకాలమునకే పాడగును. మామిడి, ఆపిలు మొదలైన పండ్లనుండి వెలువడు ఒక వాయువు ప్రక్కనున్న అరటిని త్వరగా పండించును. అందుచేత ముందురోజు రాత్రి కూర్చిపెట్టరాదు. కార్యమునాటి ఉదయమే కూర్పవలెను. అరటి కొన కొంచెము పచ్చగా ఉన్నప్పుడే తేవలెను. సీతాఫలము పగులును, పనస తన వాసనతో తక్కిన వానిని అణచును; ఇవి రెండును వేరుగా ఉంచవలెను. చుట్టములు కూర్చుండి తినుటకు కోసిన పండ్ల పళ్ళెరము ఇటీవలి వాడుక. పూజకును, వియ్యాలవారికిని అఖండ ఫలమే. కోత విందుకు మాత్రమే. కోయుచో వడ్డనకు అరగంట ముందు కోసి, ఆపిలు ముక్కలపై నిమ్మరసము చిలుకరింపవలెను, లేనిచో నల్లబడును. నీరూరు పుచ్చకాయను వేరొక పాత్రలో పెట్టవలెను. బొప్పాయి ముక్కలు చుట్టు రేకులుగాను, నడుమ దానిమ్మగింజలు దుద్దుగాను అమర్చినచో తామరపువ్వువలె ఉండును. ఇంతకంటె అలంకారము అక్కరలేదు.

ఈ విద్య నాకు చెప్పినది మా అక్కయ్య. పైన చెప్పిన నాలుగు ఆపిలుపండ్ల పెండ్లి ఆమెదే. పెండ్లియైన ఆరేండ్లకు ఆమెకు వైధవ్యము ప్రాప్తించి, బిడ్డలు లేనందున పుట్టినింటికే వచ్చినది. వితంతువుల పునర్వివాహమునకు చట్టము 1856లోనే వచ్చినది. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినారు. కాని చట్టము వివాహమునకు వచ్చినది; పళ్ళెరమునకు రాలేదు. ఆమె చేయి శుభకార్యపు పండ్లపై పడరాదని మా ఇంటి నియమము.

1984లో నా వివాహము. నిశ్చయతాంబూలములనాటి ఉదయము పళ్ళెరములు కూర్చుట మా ఇంటిలో మరెవరికిని సరిగా రాదు. అక్కయ్య వంటింటి తలుపు వెనుక నిలిచి చెప్పుచుండగా, మా పిన్నమ్మ కూతురు కూర్చినది. “దానిమ్మలు కింద పెట్టమ్మా. అరటి వంపు లోపలికి రావల్ల. ద్రాక్ష ఇప్పుడే వద్దు, చివరికి” అని ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికిని వినబడుచున్నవి. వియ్యాలవారు పళ్ళెరములను చూచి, ఇంత అందముగా ఎవరు కూర్చినారని అడిగిరి. మా పిన్నమ్మ కూతురి పేరు చెప్పినారు. నేను అక్కడనే ఉంటిని. నోరు విప్పలేదు. ఇరువది ఆరేండ్లవాడను, ఉద్యోగస్థుడను, ఒక్కమాట చెప్పిన ఆపువారు లేరు. అయినను చెప్పలేదు. పద్దులో ఒక అంకె తప్పుగా పడినచో ఏండ్ల తరువాతనైనను సవరింపవలెను. ఈ పద్దు నాకు చాలకాలము సవరింపబడక మిగిలినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా అమ్మాయి నిశ్చితార్థము జరిగినది. ముందుగానే అమ్మాయి, “అత్తయ్య చేతనే పళ్ళేలు పెట్టిస్తాను నాయనా” అన్నది. బంధువులలో పెద్ద ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి, “ఏమప్పా, నీకైనా తెలియదా?” అని అడిగినారు. నాకు తెలియుననియు, తెలిసియే చేయుచున్నాననియు చెప్పి, హరివాణమును నేనే తీసికొనిపోయి అక్కయ్య ముందు పెట్టితిని. ఆమె వెంటనే ముట్టలేదు. కొంగుతో చేతులు రెండుసార్లు తుడుచుకొన్నది. పిమ్మట దానిమ్మను తీసి కొబ్బరికాయ ప్రక్కన పెట్టినది. ఆ పెద్దమనిషి భోజనమునకు ఉండక వెళ్ళిపోయినారు. దానికి నేను విచారించితిని. కాని చేసినదానికి విచారింపలేదు. వియ్యాలవారు అడిగినప్పుడు అక్కయ్య పేరు అందరి ఎదుట చెప్పితిని. నేడు మా అమ్మాయి ఇద్దరు బిడ్డలతో సుఖముగా ఉన్నది.

సంఘము వారికి నా విన్నపములు మూడు. ఒకటి: పళ్ళెరముల సంఖ్యకు మితముండవలెను. ఇరువదియొకటి, యాబదియొకటి అని పోటీపడి అప్పులు చేసి, మరునాడు సగము పండ్లు కుళ్ళబెట్టుట మర్యాద కాదు. తాంబూలమునకు రెండు పండ్లు చాలునన్న పెద్దలు పిసినారులు కారు. రెండు: పళ్ళెరము కూర్చునపుడు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ప్రతి పండు పేరును తెలుగున చెప్పవలెను. బడిలో వారు కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదువుదురు, చదువవలెను గూడ. కాని జామ, దానిమ్మ, అనాస అను మాటలు ఇంటిలో పలుకనిచో మరెచటను వినబడవు. మూడు: ఎవరి చేయి నేర్పుగలదో వారి చేతనే పళ్ళెరము కూర్పింపవలెను.

అమెరికానుండి వచ్చిన పండునకు సీత పేరు పెట్టి దేవుని ముందు నిలిపినవారము మనము. మన ఇంటిలో పుట్టిన ఆడుబిడ్డ చేతిని ఆ పండునకు దూరముగా ఉంచుట ఏ లెక్కకు సరిపడును?